నా రెండు కిడ్నీలూ మూడు రంగుల స్ట్రిప్పులూ

ముందే ఒప్పేసుకుంటున్నాను: నేను చెప్పే ఏ సంగతినైనా నాలుగుతో భాగించుకోవాలి. ఈ సూత్రం నాది కాదు, మా ఆవిడది. పెళ్లయిన కొత్తలో రెండుతో భాగించేది. కెనడా వచ్చాక మంచు విషయంలో నేను మరీ శ్రుతి మించడంతో దాన్ని నాలుగు చేసింది. ఓక్‌విల్‌లో మా ఇంటి ముందు నడుముల్లోతు మంచు పడిందని తెనాలిలో ఉన్న మా అక్కకి నేను ఫోన్లో వర్ణిస్తుంటే, వంటగదిలోంచి "చీలమండల దాకా, వదినా!" అని ఓ కేక వస్తుంది. ఇప్పుడు మా అక్క కూడా నా మాట విని, ఆ కేక కోసం కాస్త ఆగి, దాన్ని బట్టి ఆశ్చర్యపోవడం నేర్చుకుంది.

కాబట్టి చదివేవాళ్లు ఆ నాలుగుని చేతిలో పట్టుకుని కూర్చోండి. రక్తపరీక్ష అంకెల్ని మాత్రం భాగించకండి. అవి నేను కల్పించినవి కావు, ల్యాబ్ వాళ్లు ఇచ్చినవి. వాటిని భాగిస్తే ఏమవుతుందో ఆ చోటు వచ్చినప్పుడు చెబుతాను.

నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉంది. కీళ్లవాతం అంటే మనవాళ్లకి వెంటనే ముసలివాళ్ల మోకాళ్లు గుర్తొస్తాయి, "నువ్వుల నూనె రాయండి" అంటారు. ఇది అరుగుదల కాదు, నూనెకి లొంగదు. ఒంట్లో రోగాలతో పోరాడటానికి ఒక కాపలా దళం ఉంటుంది కదా, దానికి దొంగలెవరూ దొరక్క పిచ్చెక్కి, సొంత ఇంటి కీళ్లనే లాఠీలతో బాదడం. ఏళ్ల తరబడి, రోజూ, సెలవు లేకుండా. పొద్దున్నే లేచేసరికి నా పది వేళ్లూ పది చక్కెరకేళి అరటిపళ్లలా ఉండేవి. టూత్‌పేస్ట్ నొక్కడానికి మోచేయి వాడేవాణ్ణి. చొక్కా బొత్తాలు పెట్టుకోవడం మొదలుపెడితే పూర్తయ్యేసరికి టొరంటో వెళ్లే రైళ్లు ఆరు పోయేవి. నాది కంప్యూటర్ ముందు కూర్చుని కోడ్ రాసే ఉద్యోగం. వేళ్లు లేని ప్రోగ్రామర్‌ని గొంతు లేని హరికథ దాసుతో పోల్చుకోవచ్చు.

అలాంటి నన్ను ఒక చిన్న పచ్చటి మాత్ర మనిషిని చేసింది. మెథోట్రెక్సేట్. వారానికి ఒక్కసారి, ఆదివారం టిఫిన్ తర్వాత. మూడు నెలలకి పని చేయడం మొదలుపెట్టింది. ఒకరోజు ఆవకాయ సీసా మూత నేనే తిప్పాను. ఆ మూత పట్టుకుని ఇల్లంతా మూడుసార్లు ఊరేగాను. మా అమ్మాయి, పదహారేళ్లది, హెడ్‌ఫోన్స్ ఒక చెవి నుంచి తీసి "కంగ్రాట్స్, డాడ్. ఇట్స్ ఎ లిడ్" అని మళ్లీ పెట్టుకుంది.

ఆ మాత్ర ఇచ్చినప్పుడే కీళ్ల డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది. ఈ మందు ఒంట్లోంచి బయటికి పోయే దారి కిడ్నీలే. ఆ దారి ఇరుకైతే మందు లోపలే నిలిచిపోయి విషంలా మారుతుంది. అందుకే మాటిమాటికీ రక్తపరీక్ష. పైగా నాకు బీపీ మాత్ర ఒకటి ఉంది. దానికి తోడు మామూలు నొప్పి మాత్రలు కూడా పడితే కిడ్నీలు నలిగిపోతాయి, నన్ను అడక్కుండా వేసుకోవద్దు, అని చెప్పింది. నేను బుద్ధిమంతుడిలా తలూపాను. వెళ్లిన ప్రతిసారీ ఆవిడ అడిగేది: "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" ప్రతిసారీ నేను "లేదు" అనేవాణ్ణి.

అది అబద్ధం కాదని నా గట్టి నమ్మకం. ఎందుకో చెప్పాలంటే మా వంటగదిలో మూడో సొరుగు తెరవాలి.

ఇక్కడ మన తెలుగు ఇళ్లన్నిట్లోనూ అలాంటి సొరుగు ఒకటుంటుంది. ఎడమవైపు కందిపొడి, కరివేపాకు పొడి, నల్లకారం. కుడివైపు జిప్ కవర్లో ఇండియా మాత్రలు. ఎవరు ఇండియా వెళ్తున్నా "ఏం తెమ్మంటారు?" అని అడగడం మర్యాద. "అయ్యో, మీకెందుకండీ శ్రమ, ఏమీ వద్దు" అనడం అంతకు మించిన మర్యాద. ఆ తర్వాత అదే ఊపులో "వీలైతే కాసిని సున్నుండలు, ఒక పది స్ట్రిప్పులు నొప్పి మాత్రలు" అనడం ఆచారం. కెనడా మాత్రలు వేసుకుంటే నొప్పి మనతో ఇంగ్లీషులో మర్యాదగా మాట్లాడి అక్కడే కూర్చుంటుందనీ, మన మాత్ర అయితే మెడపట్టి గెంటుతుందనీ మా అందరికీ ఏకాభిప్రాయం. ఇక్కడ ఫార్మసీలో చీటీతో కొన్నది మందు. సూట్‌కేసులో సున్నుండల పక్కన వచ్చింది మందెట్లా అవుతుంది? అది ఇంటి సరుకు. డాక్టరు "ఇంకేమైనా తింటున్నారా?" అని అడిగితే కందిపొడి గురించి చెబుతామా?

నా కవర్లో మూడు రంగుల స్ట్రిప్పులుండేవి. ఆకుపచ్చది మా అన్నయ్య తెచ్చింది. అన్నయ్య అంటే తోడబుట్టినవాడు కాదు. కడపాయన, అమెరికాలో పదేళ్లు ఉద్యోగం చేసి వచ్చి మా రెండు వీధుల అవతల స్థిరపడ్డాడు. నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద, కాబట్టి అన్నయ్య. వెండిరంగుది మా బావమరిది కరీంనగర్ నుంచి తెచ్చింది. ఎర్రది విన్నిపెగ్‌లో ఉండే మా పెద్దమ్మ కూతురు, తన అత్తగారికోసం తెప్పించగా మిగిలినవి, నాకు ప్రేమగా ఇచ్చింది.

ఆ ఏడు చలికాలం మరీ పగబట్టింది. ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ రిలీజ్ పని, ఇంటి ముందు మంచు తోసే పని ఒకేసారి మీద పడ్డాయి. ఆదివారం మాత్ర పని చేస్తూనే ఉన్నా వేళ్ల కణుపులు మళ్లీ మొరాయించాయి. అప్పుడు అన్నయ్య ఒక శాస్త్రం చెప్పాడు.

"ఒకటే మాత్ర దినామూ ఏసుకుంటే ఒళ్లు అలవాటు పడిపోతాది తమ్ముడూ. మార్చి మార్చి ఏసుకోవాల. నేనట్లనే చేచ్చా. చూడు, గుండ్రాయి లెక్క లేనా?"

నిజమే, ఉన్నాడు. దాంతో నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. పొద్దున ఆకుపచ్చ, మధ్యాహ్నం వెండి, సాయంత్రం ఎరుపు. ఏదీ రోజుకి ఒకటి దాటనివ్వలేదు. ఎంత నిగ్రహం అని నన్ను నేనే మెచ్చుకున్నాను. వీటికి తోడు, గోడౌనంత షాపులో కొన్న ఐబూప్రొఫెన్ డబ్బా ఒకటి నా ఆఫీసు బ్యాగులో గిలక్కాయలా మోగుతూ ఉండేది. అది మాత్రం మరీ తప్పనప్పుడే. మరీ తప్పని సందర్భాలు వారానికి నాలుగైదు వచ్చేవి.

రక్తపరీక్ష ఫలితాలు ఇక్కడ డాక్టరు కంటే ముందు మన ఫోన్‌కే వస్తాయి. టొరంటో నుంచి తిరిగొచ్చే రైల్లో నిలబడి చూశాను. కిడ్నీలు ఎంత బాగా వడపోస్తున్నాయో చెప్పే అంకె ఒకటుంటుంది. పెరిగితే మంచిది, తగ్గితే చెడ్డది. నాకు ఎప్పుడూ ఎనభై ఆరు, ఎనభై నాలుగు అలా వచ్చేది. ఆ రోజు ఎర్రటి అక్షరాల్లో నలభై తొమ్మిది. ఇదే నేను భాగించవద్దన్న అంకె. నాలుగుతో భాగిస్తే నేరుగా డయాలసిస్ మంచం మీదికి పోతాం.

మర్నాడు కీళ్ల డాక్టరమ్మ ఆఫీసు నుంచి నర్సు ఫోన్. ఆదివారం మాత్ర ఆపేయాలి. కిడ్నీ డాక్టరు చూసి, కారణం తేలి, అంకె పైకి లేచేదాకా ముట్టుకోకూడదు. లేవకపోతే ఆ మందు ఇక నాకు లేనట్టే.

ఆ వాక్యం నాకు ఇప్పటికీ యథాతథంగా గుర్తుంది. కిడ్నీలు లేవకపోతే మాత్ర లేదు. మాత్ర లేకపోతే వేళ్లు లేవు. వేళ్లు లేకపోతే ఆవకాయ సీసా సంగతి సరే, ఇరవై ఏళ్లుగా తింటున్న తిండి లేదు.

నర్సు చివర్లో అడిగింది: "షాపులో దొరికే నొప్పి మాత్రలేమైనా వేసుకుంటున్నారా?"

"అప్పుడప్పుడూ ఒకటి," అన్నాను.

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి నేను ఒక విషయాన్ని తగ్గించి చెప్పడం అదే మొదటిసారి. ఎంత హాయిగా వచ్చిందో ఆ మాట!

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే నా నెత్తిన నేనే మొట్టుకోవాలనిపిస్తుంది. ఆదివారం మాత్ర ఆగింది. రెండు వారాల్లో నొప్పులు పాత బాకీదార్లలా తలుపు బాదడం మొదలుపెట్టాయి. వాటికోసం నేనేం చేశాను? మూడో సొరుగు తెరిచాను. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. నేను ఊడుతున్న నాలుక కోసం అదే మందు ఇంకాస్త వేశాను.

ఈలోగా కిడ్నీ డాక్టరు దర్శనం కోసం ఫ్యాక్స్ యుద్ధం. ఈ దేశంలో అరచేతిలో రక్తపరీక్ష చూపిస్తారు గానీ, ఒక డాక్టరు ఇంకో డాక్టరుకి ఉత్తరం రాయాలంటే మాత్రం ఫ్యాక్స్ మెషీనే గతి. కీళ్ల ఆఫీసుకి ఫోన్ చేస్తే "పంపించేశాం" అంటారు. కిడ్నీ ఆఫీసుకి ఫోన్ చేస్తే "మాకు రాలేదు" అంటారు. ఒక్కో ఫోన్‌కీ నలభై నిమిషాలు వీణ వాయిద్యం లాంటిదేదో వినాలి. ఈ రెండు ఆఫీసుల మధ్య నడిస్తే పన్నెండు నిమిషాల దూరం. నేను నడిచి చూశాను.

"ఆ కాగితం నాకివ్వండి, నేనే పట్టుకొచ్చి ఇస్తాను," అన్నాను కిడ్నీ ఆఫీసు కౌంటర్లో.

"సారీ సర్. పేషెంట్ చేతి నుంచి రిఫరల్ తీసుకోం. ఫ్యాక్స్ రావాలి."

"మీ మెషీన్ ఎక్కడుంది?"

ఆమె వేలితో చూపించింది. ఆమె వెనకే ఉంది. దాని నోట్లో ఒక కాగితం సగం నమిలి ఇరుక్కుని ఉంది. మేమిద్దరం దాన్ని చూశాం. మూడు వారాల తర్వాత ఫోనొచ్చింది, కాగితం అందిందని. ఆ మూడు వారాల్లో నేను ఎన్ని వేసుకున్నానో ఆ జిప్ కవరుకి తెలుసు.

డాక్టర్ని చూసే ముందు ఇరవై నాలుగు గంటల మూత్రం పట్టి ఇవ్వాలన్నారు. ల్యాబ్‌లో నారింజ రంగు జగ్గు ఒకటి చేతిలో పెట్టారు. దాని సైజుకి పది మంది పెళ్లివాళ్లకి మజ్జిగ పోయొచ్చు. ఒక పొద్దున్నుంచి మర్నాటి పొద్దున దాకా చుక్క పోకుండా అందులో పట్టాలి, జగ్గుని చల్లగా ఉంచాలి. చల్లగా అంటే ఫ్రిజ్‌లో.

జగ్గుతో నేను ఫ్రిజ్ వైపు రెండడుగులు వేశానో లేదో మా ఆవిడ అడ్డంగా నిలబడింది.

"ఏందండీ అది?"

"ల్యాబ్ వాళ్లదే."

"ఏందో తెలుసు నాకు. ఎక్కడ పెడదామని పోతున్నరని అడుగుతున్న."

"చల్లగా ఉంచమన్నారు."

"ఆ ఫ్రిజ్‌ల నిన్నటి సత్యనారాయణ ప్రసాదం ఉంది. ఇడ్లీ పిండి ఉంది. నా పెరుగుంది. ఇది లోపలికి పోయిందంటే నేను బయటికి పోత. మీరు, మీ జగ్గు కలిసి కాపురం చేస్కోండ్రి."

మా అమ్మాయి మధ్యవర్తిత్వానికి దిగింది. "మామ్, ఇట్స్ సీల్డ్. ఇట్స్ లిటరలీ సైన్స్."

"ఆ సైన్స్ నీ రూంల పెట్టుకో మరి."

"ఓకే, నో."

మధ్యవర్తి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. ఇక మిగిలింది పెరటి వైపు డెక్, అంటే చెక్క అరుగు. బయట మైనస్ పద్దెనిమిది. దేవుడిచ్చిన ఫ్రిజ్, కరెంటు కూడా అక్కర్లేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ రోజంతా నేను బూట్లు, కోటు, టోపీ వేసుకుని డెక్ మీదికి వెళ్లడం, జగ్గు తెచ్చుకోవడం, పని ముగించడం, మళ్లీ బూట్లు, కోటు, టోపీ. కిడ్నీ పని సగమే చేస్తోందన్నారు గానీ ఆ రోజు మాత్రం నాకు రెండింతలు చేసినట్టనిపించింది. నాలుగోసారి వెళ్లినప్పుడు పక్కింటి పెద్దాయన కంచె మీద నుంచి చెయ్యి ఊపి, "యాపిల్ సైడర్ చేస్తున్నారా? అయ్యాక నాకూ ఒక గ్లాసు!" అన్నాడు. ఇక్కడ ఇరుగుపొరుగుతో అబద్ధమాడకూడదని నా నియమం. "చూద్దాం," అన్నాను.

మర్నాడు పొద్దున జగ్గు ఎత్తితే శబ్దం లేదు. అటూ ఇటూ ఊపాను. రాయి. నారింజ రంగు శివలింగం. ఇరవై నాలుగు గంటల నా నిష్ఠంతా గడ్డకట్టుకుని కూర్చుంది.

"మైక్రోవేవ్‌లో ఒక్క రెండు నిమిషాలు..." అని మొదలుపెట్టాను.

"ఆ మాట మొత్తం చెప్పుండ్రి, చూస్త," అంది మా ఆవిడ.

పూర్తి చేయలేదు. అలాగే పట్టుకెళ్లాను. ల్యాబ్ కౌంటర్‌లో అమ్మాయి జగ్గుని ఎత్తింది, టేబుల్ మీద పెట్టింది. అది ఠక్కుమంది.

"సర్, చల్లగా ఉంచమన్నాం. గడ్డకట్టించమనలేదు."

"కెనడాలో ఈ రెంటికీ తేడా ఏముందమ్మా?"

నవ్వలేదు. పాతది నాకే తిప్పి ఇచ్చి, ఇంకో జగ్గు చేతిలో పెట్టింది. అపాయింట్‌మెంట్ మరో పది రోజులు వెనక్కి జరిగింది. రెండో జగ్గు కోసం పిక్నిక్ ఐస్ డబ్బా ఖాళీ చేసి, దాన్నిండా మంచు పోసి, గరాజ్‌లో పెట్టాను. గంటగంటకీ వెళ్లి, బాలింతరాలి పక్కన మంత్రసానిలా, గట్టిపడుతోందా, వెచ్చబడుతోందా అని తట్టి చూశాను. ఈసారి పాసైంది.

కిడ్నీ డాక్టరు అరవై ఏళ్ల మనిషి. గొంతు ఎంత మెల్లగా ఉంటుందంటే, ఆయన మాట్లాడుతుంటే గోడ గడియారమే అరుస్తున్నట్టుంటుంది. మా ఆవిడ మూల కుర్చీలో కోటు విప్పకుండా, హ్యాండ్‌బ్యాగ్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆయన కాగితాలన్నీ చూశాడు. అంకె ఇంకా పడింది. నలభై మూడు. నా ఆదివారం మాత్ర గుమ్మం దాటి వీధి చివరికి వెళ్లిపోతున్నట్టు నాకు కనిపించింది.

"నొప్పి మాత్రలు ఏమైనా?" అన్నాడు.

ఆ క్షణంలో నేను లేచి నిలబడ్డాను. కోటు లోపలి జేబులోంచి, యుద్ధంలో కత్తి దూసినట్టు, ఆ జిప్ కవరు తీశాను. "డాక్టర్, మీ దగ్గర దాచేదేముంది?" అని బల్ల మీద పరిచేశాను. ఆకుపచ్చ, వెండి, ఎరుపు, పక్కన ఐబూప్రొఫెన్ డబ్బా. ఒక నేరస్థుడు తనంతట తాను స్టేషన్‌కి వచ్చి లొంగిపోయినప్పుడు పోలీసులు చూసే చూపు చూశాడాయన.

కళ్లజోడు పైకి తోసి, ఫోన్ లైటు వేసి, స్ట్రిప్పు వెనక చీమతలకాయంత అక్షరాలు చదివాడు.

"ఇది డైక్లోఫెనాక్," అన్నాడు ఆకుపచ్చదాన్ని పక్కన పెడుతూ. వెండిది చూశాడు. "ఇదీ డైక్లోఫెనాక్." ఎర్రది తిప్పాడు. చాలాసేపు చూశాడు, నాకు కాస్త ఆశ కలిగేంత సేపు. "ఇదీ అదే."

"అవి మూడూ వేరు వేరు కంపెనీలు, డాక్టర్."

"కంపెనీలు వేరే. మందు ఒకటే. రోజుకి ఎన్ని?"

"ఒక్కొక్కటి ఒకటే. మార్చి మార్చి."

"అంటే మూడు," అన్నాడు. ఆయన ఆ మూడుని ఎంత మెల్లగా అన్నాడో, అంత గట్టిగా తగిలింది.

తర్వాత విడమరిచి చెప్పాడు. ఈ కీళ్ల జబ్బు ఏళ్ల తరబడి అదుపు తప్పితే కిడ్నీల్ని కూడా దెబ్బతీయగలదు, కాబట్టి దాన్ని అదుపులో ఉంచే మందు కిడ్నీకి శత్రువు కాదు, కిడ్నీ బాగున్నంతకాలం. నా విషయంలో ఆయనకి అనుమానం కీళ్ల మీదా లేదు, ఆదివారం మాత్ర మీదా లేదు. నొప్పి మాత్ర కిడ్నీకి రక్తం వచ్చే గొట్టాన్ని కాస్త బిగిస్తుంది. బీపీ మాత్ర రక్తం బయటికి పోయే గొట్టాన్ని కాస్త వదులు చేస్తుంది, రెండూ కలిస్తే వడపోతకి కావలసిన ఒత్తిడి మిగలదు. నేను మధ్యలో రోజుకి మూడుసార్లు బిగించాను. "మీరు మిమ్మల్ని బాగు చేసిన మందుని, బాగు చేయని మందు కోసం పోగొట్టుకుంటున్నారు," అన్నాడు. అన్నీ ఆపి ఆరు వారాల తర్వాత మళ్లీ రక్తపరీక్ష. అంకె లేస్తుందా అని అడిగాను. "లేవచ్చు. ఎంత లేస్తుందో చెప్పలేను."

నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. ఎవరి మీద? అదే తెలియలేదు, అందుకే ఇంకా వచ్చింది. కీళ్ల డాక్టరమ్మ ముందే చెప్పింది. నర్సు అడిగింది. స్ట్రిప్పు వెనక అక్షరాలు మూడు రంగుల్లోనూ అచ్చేసి ఉన్నాయి. నా కోసం తెచ్చినవాళ్లు ప్రేమతో తెచ్చారు. తిట్టడానికి ఒక్కడు కూడా మిగల్లేదు, అద్దంలో వాడు తప్ప.

ఆ ఆరు వారాలూ నా వేళ్లు నావి కావు. కొద్ది డోసు స్టెరాయిడ్ ఇచ్చారు, దాంతో మొహం పూర్ణంబూరెలా ఉబ్బింది గానీ వేళ్లు పూర్తిగా వంగలేదు. పప్పన్నం కలిపితే ముద్ద కట్టడానికి వేళ్లు రావు. స్పూను పట్టుకుంటే జారిపోతుంది. ఫోర్కుతో పప్పన్నం తిన్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను, రోజూ, కిటికీ అద్దంలో. మా ఆవిడ పొద్దున్నే నా చొక్కా బొత్తాలు పెట్టేది. ఒక్క మాట అనేది కాదు. ఏదైనా అంటే బాగుండుననిపించేది. ఇక్కడ నేను ఏ అంకెనీ పెంచడం లేదు.

మూడో వారంలో అన్నయ్య పలకరించడానికి వచ్చాడు. జేబులోంచి కొత్త స్ట్రిప్పు తీశాడు. నీలం రంగుది.

"ఇది చూడు తమ్ముడూ, కొత్తగా వచ్చినాది. కిడ్నీకి ఏం కాదంట. మా మెడికల్ షాపు బామ్మర్ది గ్యారంటీ ఇచ్చినాడు."

నేను నోరు తెరిచేలోపు మా ఆవిడ టీ కప్పు ఆయన ముందు టక్కుమని పెట్టింది.

"అన్నయ్యగారూ, ఆ గ్యారంటీ మీరే ఉంచుకోండ్రి. దాంతోపాటు గరాజ్‌ల జగ్గొకటి ఉంది, అది కూడ మీకే ఇస్త. రేపు మీకు పనికొస్తది."

అన్నయ్య నవ్వబోయి ఆగాడు. స్ట్రిప్పు వెనక్కి తిప్పి, చేయి దూరంగా చాపి, అక్షరాలు చదవడానికి ప్రయత్నించాడు. ఆయనకీ బీపీ ఉంది, షుగరుంది, మార్చి మార్చి వేసుకునే శాస్త్రం ఆయనదే. టీ చల్లారిపోయింది. వెళ్లేటప్పుడు గుమ్మంలో బూట్లు తొడుక్కుంటూ, నావైపు చూడకుండా మా ఆవిణ్ణి అడిగాడు:

"ఆ రక్తపరీక్ష పేరేందమ్మా? రాసియ్యి, కాస్త పెద్దచ్చరాల్తో."

ఆరు వారాలకి అంకె అరవై రెండు. ఎనభై ఆరు కాదు. మిగతాది ఎప్పుడొస్తుందని కీళ్ల డాక్టరమ్మని అడిగాను. రాకపోవచ్చు, ఉన్నదాన్ని కాపాడుకుందాం, అంది. ఆదివారం మాత్ర సగం డోసుతో మళ్లీ మొదలుపెట్టింది. నెలకోసారి రక్తపరీక్ష. సగం మాత్రకి సగం వేళ్లు తిరిగొచ్చాయి. బొత్తాలు నేనే పెట్టుకుంటున్నాను, కింది నుంచి మూడోదాని దాకా. ఆవకాయ సీసా మాత్రం ఇంకా మా అమ్మాయే తీస్తుంది. తీసిన ప్రతిసారీ "ఇట్స్ ఎ లిడ్, డాడ్" అంటుంది, కానీ ఇప్పుడు హెడ్‌ఫోన్స్ రెండు చెవుల నుంచీ తీసి అంటుంది.

ఇక ఇందులో నేను కల్పించింది ఏదో చెప్పాలి. జగ్గు గడ్డకట్టడం నిజం. పక్కింటాయన గ్లాసు అడగడం నిజం, ఇప్పటికీ అడుగుతున్నాడు. ఫ్యాక్స్‌కి మూడు వారాలు పట్టడం నిజం, దాన్ని భాగించకండి. అరటిపళ్లనీ, ఆరు రైళ్లనీ మీ ఇష్టం వచ్చినట్టు భాగించుకోండి.

కల్పించింది ఒక్కటే. ఆ జిప్ కవరు నేను తీయలేదు.

కిడ్నీ డాక్టరు "నొప్పి మాత్రలు ఏమైనా?" అని అడిగినప్పుడు, నలభై మూడు అంకె కళ్ల ముందు పెట్టుకుని కూడా, నేను కుర్చీలో కదలకుండా కూర్చుని "అప్పుడప్పుడూ ఒకటి" అన్నాను. మళ్లీ అదే మాట. అంతే హాయిగా వచ్చింది. అప్పుడు మూల కుర్చీలోంచి మా ఆవిడ లేచింది. హ్యాండ్‌బ్యాగ్ తెరిచింది. మూడో సొరుగు కుడివైపంతా బల్ల మీద బోర్లించింది. నా ఆఫీసు బ్యాగులోని డబ్బా కూడా అందులోనే ఉంది, ఎప్పుడు తీసిందో తెలియదు. డాక్టరుకి అర్థమవ్వాలని మెల్లగా, తప్పుల్లేని ఇంగ్లీషులో చెప్పింది:

"డాక్టర్, మా ఆయన చెప్పే దేన్నయినా నేను నాలుగుతో భాగిస్తాను. ఈ ఒక్కదాన్ని మాత్రం మీరు నాలుగుతో గుణించుకోండి."

ఆయన నావైపు ఒకసారి చూసి, కళ్లజోడు పైకి తోసి, ఆకుపచ్చ స్ట్రిప్పు చేతిలోకి తీసుకున్నాడు.